తుప్పు చేతులవాడు

పలాస జీడిపప్పు షెడ్డులో మా పక్కింటి అత్త చెప్పిన సినిమా కథల్లో చివరి ఎండాకాలానివన్నీ నేను చూసి వచ్చి ఆమెకు చెప్పినవే. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు చెప్పలేదు. కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయికి చెప్పలేదు. రోజూ డైరీ రాసుకునే అలవాటున్నా, అందులో కూడా సినిమాకు వెళ్ళానని మాత్రమే రాసేదాన్ని. చెప్పొద్దని అత్త అంది, నేను ఊరుకున్నాను. ఇప్పుడు ఆమె లేదు. చెప్పినందువల్ల ఎవరికీ నష్టం లేదు. చెప్పకపోతే మాత్రం ఆమె నాకు ఏం ఇచ్చి వెళ్ళిందో నాతోనే ఉండిపోతుంది.

అత్త అంటే చుట్టం కాదు. వజ్రపుకొత్తూరు వైపు సముద్రపొడ్డు ఊరు ఆమెది. భర్త కిడ్నీ జబ్బుతో పోయాక పలాస వచ్చి, మా పక్క గదిలో అద్దెకు దిగింది. పిల్లల్లేరు. షెడ్డులో పప్పు ఒలిచే పనికి వెళ్ళేది. కాల్చి, పెంకు కొట్టి, ఆరబెట్టిన పప్పు మీద ఎర్రటి పొట్టు అంటుకుని ఉంటుంది. దాన్ని గోటితోనూ చిన్న కత్తితోనూ తియ్యాలి. గుండు విరగకుండా గుండుగానే రావాలి, బద్దయితే ధర పడిపోతుంది. ఎండాకాలం సెలవుల్లో నాలాంటి చదువుకునే ఆడపిల్లలు కూడా ఆ పనికి వెళ్ళేవారు. డిగ్రీ మొదటి ఏడాది పరీక్షలయ్యాక నేనూ వెళ్ళాను.

పొద్దున్నుంచి తల వంచుకుని చేసే పనికి కునుకు రాకుండా ఎవరో ఒకరు కథ చెప్పాలి. మా షెడ్డులో చెప్పేది అత్త. ఆదివారం కాశీబుగ్గలో మ్యాట్నీ చూసి వచ్చి, సోమవారం నుంచి దాన్ని రోజుకింత చొప్పున చెప్పేది. నోరు ఆడితే చెయ్యి ఆగుతుంది కాబట్టి, విన్నవాళ్ళు తాము ఒలిచిన పప్పులోంచి తలా ఓ గుప్పెడు ఆమె చాటలో పోసేవారు. అది జాలితో పోసేది కాదు. కథ బాగుంటే గుప్పెడు నిండేది. బాగోకపోతే వేళ్ళ సందుల్లోంచి సగం జారేది. మరీ బాగోకపోతే ఎవరి చాట వాళ్ళు చూసుకునేవారు. కథకు ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. మంచివాడెవడో మొదట్లోనే చెప్పెయ్యాలి. "ఈడు మన బాబు" అని అత్త వేలు చూపిస్తే, ఇక ఆ వారమంతా అందరూ వాడి పక్షమే.

ఆ ఏడాది అత్త కాళ్ళు వాచాయి. డాక్టరు పరీక్షలు రాసి, భర్తకు వచ్చినదే ఈమెకూ వచ్చిందని చెప్పాడు. థియేటర్లో మూడు గంటలు కాళ్ళు వేలాడేసి కూర్చోలేకపోయింది. వేళ్ళు కూడా బిగుసుకుని కత్తి నెమ్మదించింది. అదే సమయంలో షెడ్డు మేస్త్రి కొత్త మాట పెట్టాడు. చాట తగ్గినవాళ్ళను ఒలిచే పీలింగ్ పని నుంచి తీసి, పిక్కలు కొట్టే, అంటే జీడిగింజల పెంకు పగలగొట్టే వైపు పంపిస్తానన్నాడు. అటువైపు పొగ, వేడి, చేతుల్ని కాల్చే జీడి నూనె. అక్కడ ఆమె వారం కూడా నిలబడలేదని అందరికీ తెలుసు. అంటే ఆమె కూడు ఆ గుప్పెళ్ళ మీద, ఆ గుప్పెళ్ళు కథ మీద ఆధారపడ్డాయి.

అందుకే ఒక సాయంత్రం నన్ను పిలిచి, నువ్వు వెళ్ళి చూసి రా, నాకు చెప్పు, నేను వాళ్ళకు చెప్తాను అంది. నేను నలుగురిలో నోరు విప్పని పిల్లనని ఆమెకు తెలుసు. బహుశా అందుకే నన్ను ఎంచుకుంది. లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చి చాటుగా చదువుతానని కూడా ఆమెకు ఒక్కదానికే తెలుసు. హాల్లో ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపే ఆవిడ అత్తకు స్నేహితురాలు. నన్ను ఫ్యాను కింద బెంచీలో కూర్చోబెట్టి, ఆట వదిలాక రోడ్డు దాటించేది.

కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత ఒక వారం, అత్త చెప్పిన దేవుడి సినిమా షెడ్డులో నిలబడలేదు. అందరికీ తెలిసిన కథే కావడంతో గుప్పెళ్ళు సన్నబడ్డాయి. మేస్త్రి ఆమె చాట వైపు రెండుసార్లు చూసి వెళ్ళాడు. ఆ మరుసటి ఆదివారం హాల్లో ఆడుతున్నది ఒక డబ్బింగు సినిమా. ఏదో విదేశపు బొమ్మల కథల పుస్తకంలోంచి తీసిందని పోస్టరు మీద రాసి ఉంది. ఆడవాళ్ళ బెంచీల్లో నేను తప్ప దాదాపు ఎవరూ లేరు.

అందులో కథానాయకుడు ఒక ఫ్యాక్టరీ కూలీ. ఓనరు నిర్లక్ష్యం వల్ల రసాయనాల తొట్టిలో పడతాడు. బతికి బయటపడ్డాక, అతని చెయ్యి తగిలిన ఇనుము తుప్పు పట్టి రాలిపోతుంటుంది. ఇక దొంగ అవుతాడు. బ్యాంకు లాకరు తలుపు మీద అరచెయ్యి ఆనిస్తే చాలు. ఎవరినీ కాపాడడు, పేదలకు పంచడు, క్షమించమని అడగడు. ఓనరును వెతుక్కుంటూ తిరుగుతాడు.

మొదటి గంట నేను కళ్ళు తిప్పలేదు. అతను ఇంటికి వచ్చి తాళం తియ్యబోతే తాళంచెవి చేతిలోనే పొడి అవుతుంది. ఊళ్ళో లాకర్లన్నీ తెరిచే మనిషికి తన ఇంటికి తాళం వేసుకునే దారి లేదు. చెంచా కూడా అలాగే గిన్నెలోకి రాలిపోతే, కాసేపు చూసి, చేత్తోనే కలుపుకుని తింటాడు. హాల్లో మగవాళ్ళు ఈలలు వేశారు, తెల్లదొర మనలా తింటున్నాడని. నాకు నవ్వు రాలేదు. ఇలాంటి చోట్ల సినిమా మాట్లాడేది కాదు. బొమ్మల కథలో ఒక గడి దగ్గర మన చూపు ఆగిపోయినట్టు, ఒక్క బొమ్మ మీద నిలబడేది. వారపత్రికల బైండు పుస్తకాల్లో బొమ్మల కథలు చదివేటప్పుడు నేను అలాగే ఆగిపోయేదాన్ని. ఆ బలమంతా పుస్తకం నుంచి వచ్చిందేనని నాకనిపించింది.

అన్నిటికంటే పెద్ద బొమ్మ వంతెన దగ్గరది. నది మీద వంతెన విరిగి ఒక బస్సు వేలాడుతుంటుంది. జనం అతన్ని చూసి, నీకు బలం ఉంది కదా, రమ్మని అరుస్తారు. అతను చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని కదలకుండా నిలబడతాడు. జనం రాళ్ళు వేస్తారు. బస్సు కిటికీలో ఓనరు మొహం కనిపిస్తుంది.

ఆ తర్వాత సినిమా పాడైంది. ఒక డాక్టరమ్మ వస్తుంది. ఆమెను విలన్లు ఎత్తుకుపోవడానికి తప్ప ఇంకెందుకూ పెట్టలేదు. కొట్లాటలు ఒకదాని మీద ఒకటి వస్తాయి, ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియదు. చివరికి ఆమె ఒక సూదిమందు కనిపెడుతుంది. చేతులు బాగవుతాయి. అతను ఊరిని కాపాడతాడు, అందరూ చప్పట్లు కొడతారు, డబ్బింగు గొంతు "ఇతని మనసు మాత్రం బంగారం" అంటుంది. అంతసేపు చూపించినదాన్ని ఒక్క మాటతో తుడిచేశారు.

సాయంత్రం అత్త అరుగు మీద కాళ్ళు చాపుకుని ఉంటే, ఇదంతా చెప్పాను. షెడ్డుకు ఇది పనికిరాదని కూడా చెప్పాను. పాటల్లేవు, అమ్మ లేదు, పెళ్ళి లేదు, హీరో దొంగ. అత్త చాలాసేపు ప్రశ్నలే వేసింది. చొక్కా బొత్తాలు ఎలా పెట్టుకుంటాడు, నీళ్ళు దేనితో తాగుతాడు, రాత్రి ఏ మంచం మీద పడుకుంటాడు. సినిమాలో లేనివాటికి నేను లేవనే చెప్పాను. చివరికి, వాడికి ఒక తల్లిని పెడదాం అంది. ముసలి తల్లి, జబ్బు, మందుల కోసం దొంగతనం. అప్పుడు వాడు మన బాబు అయిపోతాడు.

నేను వద్దన్నాను. ఒక పెద్దావిడకు ఎదురు చెప్పడం నాకు అదే మొదటిసారి అనుకుంటాను. తల్లిని పెడితే వంతెన దగ్గర వాడు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడినదానికి బరువుండదని చెప్పాను. సరిగ్గా ఈ మాటలు కావు. తడబడుతూ, సగం సగం చెప్పాను. అత్త నన్ను కొత్తగా చూసినట్టు చూసింది.

"మరి మంచోడో సెడ్డోడో సెప్పకపోతే ఆల్లు పొయ్యరే గుంటా," అంది.

ఆ రాత్రి నాకు భయమేసింది. పుస్తకాల్లో చదివిన ఇష్టాయిష్టాలతో ఒకరి కూడు మీద పందెం కాశానా అనిపించింది.

సోమవారం షెడ్డులో అత్త తాళంచెవితో మొదలుపెట్టింది. నేను చెప్పిన వరసలో కాదు. తొట్టిలో పడటాన్ని తర్వాతకు నెట్టింది, ముందు తాళంచెవి రాలింది. ఆ వరస సినిమాకన్నా బాగుంది. నేను ఆమె పక్కన తల ఎత్తకుండా ఒలుస్తున్నాను. ఎదురు వరసలో ఒక నడివయసు ఆవిడ ఉండేది. షెడ్డులో కథల మీద తీర్పు ఆవిడదే, మిగిలినవాళ్ళు ఆవిడ గుప్పెడు చూసి పోసేవారు.

"ఓలప్పా, ఈడు మన బాబేనా?" అంది.

అత్త, చూద్దాం ఉండు, అని ముందుకు వెళ్ళిపోయింది. కాసేపటికి ఆవిడే మళ్ళీ అడిగింది. ఈసారి గొంతులో చిరాకు ఉంది. "దొంగోడికి మేమెందుకు ఒలవాలి సెప్పు," అంటే రెండు వరసలూ నవ్వాయి. ఇంకెవరో, మా ఆయన కూడా ఇంట్లో తాళం వెయ్యడు, ఆడూ హీరోయేనా అంది. ఆ నవ్వుల్లో కథ చెదిరిపోతుందనుకున్నాను. అత్త నవ్వనిచ్చి, చెంచా రాలడం చెప్పింది. పక్క గదిలో పిక్కలు కొట్టేవాళ్ళలో ఒకామె నీళ్ళ కోసం వచ్చి, గుమ్మం దగ్గర నిలబడిపోయింది. ఆమె అరచేతులు జీడి నూనెకు నల్లగా కమిలి, చర్మం పొరలుగా లేచి ఉన్నాయి. ఆమెను చూశాకే నాకు తట్టింది. ఈ కథ విన్నవాళ్ళు వాడు ఎక్కడో దేశంలో మనిషి అనుకోరు. పిక్కలు కొట్టేవాడు అనుకుంటారు. నిజంగానే ఒకామె, ఆడు బూడిద రాసుకోలేదేటి ముందే, అంది. అటువైపు వాళ్ళు పనికి ముందు చేతులకు బూడిద పట్టించుకుంటారు. నవ్వుతూ అన్న మాట కాదు.

వంతెన దగ్గరికి వచ్చేసరికి అత్తకు ఆయాసం వచ్చింది. బస్సు వేలాడుతోంది, జనం అరుస్తున్నారు, వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు, అంతవరకూ చెప్పి ఆగిపోయింది. కొంగుతో మొహం తుడుచుకుంది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. కత్తుల చప్పుడు కూడా తగ్గింది.

"ఆగిపోనాడేటి? పిరికోడా?" అంది ఎదురు వరస ఆవిడ.

అత్త నా వైపు చూడలేదు. చూస్తే గుట్టు బయటపడుతుందని ఆమెకు తెలుసు. ఆ షెడ్డులో అందరికీ వినపడేలా నేను ఎప్పుడూ మాట్లాడలేదు. కథ తెలిసినట్టు ఉండకూడదు, కథ ఆగిపోకూడదు.

"అత్తా, ఆ వంతెన ఇనుముదా?" అని అడిగాను.

రెండో వరస చివర కూర్చున్న పిల్ల, నాకంటే చిన్నది, "అయ్యో, ముట్టుకుంటే ఇరిగిపోద్ది గదా," అంది. ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. పాపం అందుకే ఆగాడని కొందరు, నోరు తెరిచి ఆ మాట చెప్పొచ్చు కదా అని కొందరు. అత్తకు ఊపిరి తీసుకునే సమయం దొరికింది. గొంతు తిరిగి వచ్చాక, చాలా నెమ్మదిగా, బస్సు కిటికీలో ఓనరు మొహం చెప్పింది.

ఎదురు వరస ఆవిడ కత్తి కింద పెట్టింది. "ఇరిగిపోద్దని ఆగినాడా, ఆ ఓనరు సావాలని ఆగినాడా?"

"అదే నాకూ తెల్దు," అంది అత్త.

"సెప్పేదానివి, నీకే తెల్దంటే ఎలాగ?"

ఇలా అంటూనే ఆవిడ తన చాటలోంచి గుప్పెడు తీసింది. పెద్ద గుప్పెడు. వంగి అత్త చాటలో పోసింది. మిగిలినవాళ్ళు కూడా పోశారు. నేను నాది పోసేటప్పుడు రెండు గుండ్లు కింద పడ్డాయి.

ఆ వారమంతా అదే గొడవ. మధ్యాహ్నం అన్నాల దగ్గర కూడా జట్లుగా విడిపోయి వాదించుకునేవారు. కథ వంతెన దగ్గరే ఆపెయ్యమని నేను అత్తను బతిమాలాను. ఆమె ఒప్పుకోలేదు. ఉన్నది దాచి పెడితే వినేవాళ్ళను తక్కువ చేసినట్టని ఆమె అభిప్రాయం. అందుకని శుక్రవారం నాడు డాక్టరమ్మనూ కొట్లాటలనూ సూదిమందునూ ఉన్నవి ఉన్నట్టు చెప్పేసింది. ఆమె గొంతులోనే ఇష్టం లేదని తెలుస్తోంది. డాక్టరమ్మను ఎత్తుకుపోయిన చోట ఒకామె ఆవలించి, ఆవిడికి వేరే పనేం లేదా అంది. సూదిమందు దగ్గర గుమ్మంలో నిలబడ్డ పిక్కలు కొట్టే ఆమె మాట్లాడింది. వారమంతా ఆమె రోజూ వచ్చి వింటూనే ఉంది, నోరు విప్పింది అప్పుడే.

"సూదేత్తే సేతులు బాగైపోతాయేటమ్మా?"

కోపంగా అనలేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. చేతులు ఒకసారి తిప్పి చూసుకుని, పనిలోకి వెళ్ళిపోయింది. ఎదురు వరస ఆవిడ, సినిమా తీసినోళ్ళకి ఆ వంతెన కాడే డబ్బులైపోయుంటే బాగుణ్ణు అంది. దానికి అత్త ఎంత నవ్విందంటే, దగ్గు వచ్చింది.

తర్వాత నేను కాలేజీలో చాలా పుస్తకాలు చదివాను, సినిమాలు కూడా చాలా చూశాను. ఏది చూసినా ఆ సూదిమందు ప్రశ్న నా వెనకే ఉంటుంది. ఆ సినిమా గొప్పది కాదు. సగం చెత్త. కానీ కథలో ఒక మనిషిని మంచివాడనో చెడ్డవాడనో తేల్చకుండా మన ఎదుట నిలబెట్టే ధైర్యం దానికి గంటసేపు ఉంది. ఆ గంటకు నేను రుణపడి ఉన్నాను. ఆ ధైర్యం చివరిదాకా నిలవకపోవడం దాని లోపమని నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. పప్పు ఒలుస్తూ విన్నవాళ్ళు చెప్పారు. ఆ షెడ్డుకు వెళ్ళి ఉండకపోతే, నచ్చినదాన్ని నచ్చిందని, నచ్చనిదాన్ని ఎందుకు నచ్చలేదో చెప్పడం నాకు వచ్చేది కాదు.

అత్త ఆ సీజను అయ్యేదాకా పీలింగ్‌లోనే ఉంది. మేస్త్రి ఆమెను అటువైపు పంపలేదు, పంపాల్సిన అవసరం రాలేదు. వానలు మొదలయ్యాక ఆరోగ్యం బాగా తగ్గింది. ఊళ్ళో చెల్లెలు ఉంది, అక్కడికి వెళ్ళిపోతానంది. కాశీబుగ్గ బస్టాండుకు నేనే సంచి మోసుకుని వెళ్ళాను. అప్పటికి షెడ్డులో ఎండాకాలం పిల్లలంతా మానేశాం, సెలవు రోజుల్లో మాత్రం నేను వెళ్తూనే ఉన్నాను. ఆ తర్వాత ఒకసారి వాళ్ళ ఊరు వెళ్ళి చూడాలనుకున్నాను. పరీక్షలు వచ్చాయి. పరీక్షలయ్యేలోపే ఆమె పోయిందని కబురు వచ్చింది. అందుకని నేను ఆమెను చూడటం బస్టాండులోనే ఆఖరు.

ఆ రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టాను. మందులు ఎక్కడ పెట్టానో చూపించాను. ఆమె సంచి వైపు చూడలేదు. తను వెళ్ళాక కూడా షెడ్డుకు వెళ్తుంటావా అని అడిగింది. సెలవు దొరికినప్పుడల్లా వెళ్తానన్నాను. ఆ తుప్పు చేతులవాడి గురించి వాళ్ళు ఇంకా తగువులాడుకుంటున్నారు, నిన్ను అడుగుతారు చూడు, అంది. నేను తెల్లబోయి, నన్నెందుకు అడుగుతారు అన్నాను. అత్త పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. వాళ్ళకు ఎప్పటి నుంచి తెలుసని అడగబోయేలోపు, కండక్టరు బెల్లు కొట్టాడు. బస్సు కదిలింది. నేను పక్కనే నడిచాను. ఆమె కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాపి, నా తల మీద పెట్టింది.

"ఎంత అడిగినా, ఆడు మంచోడో సెడ్డోడో నివ్వు మాత్రం సెప్పకు. ఆల్లనే సెప్పుకోనీ."